కార్తీక మాసమున ఆహారము మారినపుడు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యుడు గావించిన ప్రసంగ పాఠము)



దీపావళి వెళ్ళిన మరునాటినుండి మన గ్రామములలో అనేక గృహములయందు వంట మారును. కార్తీక మాసము ప్రవేశించగనే మాంసము, చేపలు, గ్రుడ్లు వండుట మానుదురు. అయ్యప్ప దీక్ష స్వీకరించువారు 41 దినములు ఇట్టి నియమముననే యుందురు. ఎవరు ఏమి భుజింపవలెనను విషయము నేను చెప్పబోవుట లేదు. అది వారి వారి ఆచారమునకును, ఇష్టమునకును సంబంధించినది. మాంసాహారము మాని శాకాహారమునకు మారిన మొదటి వారములలో కడుపునందు ఏమి జరుగును, అందు ఏది సహజము, ఏది రోగము అను విషయమును మాత్రమే మనవి చేయుదును. ఈ భేదము తెలియకుండుట వలన కలుగు నష్టము చిన్నది కాదు. నేను స్వయముగ చూచిన ఒక సంగతితో ప్రారంభింతును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్తీకమున, మా కేంద్రమునకు చెందిన ఒక గ్రామమునుండి రెండు దినములలో పలువురు విరేచనములతో వచ్చిరి. మొదట వచ్చిన వారందరును ఒకే మాట చెప్పిరి: "నీసు మానినాము గదా అయ్యా, కడుపు మారినది. రెండు దినములలో సర్దుకొనును." నాకును ఆ మాట సబబుగనే తోచినది. మరునాటి సాయంకాలము ఒక వృద్ధురాలిని ఆమె కుమారుడు చేతులపై ఎత్తుకొని తెచ్చెను. ఆమె కన్నులు లోతునకు పోయినవి, నాలుక ఎండినది. "మాంసము మాని ఎన్ని దినములైనదమ్మా?" అని అడిగితిని. "మా యింట ఏనాడును నీసు లేదు నాయనా" అని ఆమె మెల్లగ బదులు చెప్పెను. ఆ మాటతో నా పొరపాటు నాకు తెలిసినది. ఆహారము మారనివారికి సైతము అదే జబ్బు వచ్చినపుడు, ఆహారపు మార్పు దానికి కారణము కాజాలదు. వెంటనే గ్రామమునకు పోయి చూడగా, మంచినీటి గొట్టము మురుగుకాలువను దాటుచోట అతుకు వదలి, మురుగు లోనికి చేరుచుండెను. వృద్ధురాలు బ్రతికినది. కాని నేనా ప్రశ్నను ఒక దినము ముందుగ మొదటి రోగినే అడిగియుండవలసినది.

కడుపులో జరుగునది

మాంసమునందు పీచుపదార్థము లేదు. జీర్ణాశయములోను, చిన్నప్రేగులోను ఊరు రసములు దానిని కరగించి, అందలి సారమును చాలవరకు అక్కడనే రక్తమున చేర్చును. పెద్దప్రేగునకు చేరునది స్వల్పము. పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, చిరుధాన్యములు అట్టివి కావు. వానిలోని పీచును కరగించు రసము మానవుని శరీరములో లేదు. పప్పుధాన్యములలోని కొన్ని రకముల చక్కెరలకును అంతే. అవి చెక్కుచెదరక పెద్దప్రేగునకు చేరును. అక్కడ నివసించు కోట్లకొలది సూక్ష్మజీవులు వానిని పులియబెట్టును.

మినపపిండిని, బియ్యపురవ్వను కలిపి రాత్రి ఉంచినచో తెల్లవారుసరికి పొంగును గదా! పులియునపుడు పుట్టిన వాయువే దానిని పొంగించినది. పెద్దప్రేగులో జరుగునది అటువంటిదే. అందుచేతనే కడుపు ఉబ్బరించుట, గుడగుడలాడుట, అపానవాయువు హెచ్చుట, మలము మెత్తనై పరిమాణము పెరుగుట, దినమునకు ఒకమారు పోవువారు రెండుమారులు పోవుట సంభవించును. ఇవి రోగలక్షణములు కావు. పులియుటవలన పుట్టు కొన్ని ఆమ్లములు పెద్దప్రేగు గోడలకు ఆహారమై మేలు చేయును.

"ఇన్నాళ్ళు తిన్న మాంసము కడుపులో కుళ్ళి ఇప్పుడు బయటికి వచ్చుచున్నది" అని కొందరందురు. ఇది నిజము కాదు. మాంసము కడుపులో దినములతరబడి నిలిచియుండదు. అట్లే "మాంసము మానినచో దానిని అరిగించుకొను శక్తి పోవును" అను మాటయు నిజము కాదు. మాంసములోని మాంసకృత్తులను అరిగించు రసములే పప్పులోని మాంసకృత్తులను కూడ అరిగించును. అవి ఎప్పుడును పనిచేయుచునే యుండును.

ఎంతకాలము?

అమెరికాలో జరిగి 2011లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో కొందరికి దినమునకు అరకప్పు చొప్పున చిక్కుడు జాతి గింజలు పెట్టి చూచిరి. కొన్ని రకముల గింజలకు మొదటి వారమున సుమారు సగము మందికి వాయువు హెచ్చినది. బొబ్బర్లు తిన్నవారిలో నూటికి 19 మందికి మాత్రమే హెచ్చినది. తినుట మానకపోయినను రెండు మూడు వారములలో పలువురికి ఆ బాధ తగ్గినది. ప్రేగులు, అందలి సూక్ష్మజీవులు క్రొత్త ఆహారమునకు అలవాటు పడుటకు అంతమాత్రము కాలము పట్టునని గ్రహింపవలెను.

మార్పు ఎంత హఠాత్తుగ నుండునో బాధ అంత హెచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము, 100 గ్రాముల తెల్లబియ్యములో పీచు సుమారు 3 గ్రాములు, కందిపప్పులో 9, జొన్నలలో 10, రాగులలో 11, పొట్టుతోనున్న పెసలలో 17, శనగలలో 25 గ్రాములు గలదు. నిన్నటివరకు తెల్లన్నము, కోడికూర తినినవారు నేడు ఒక్కసారిగ గిన్నెడు శనగగుగ్గిళ్ళు తినినచో కడుపు ఉబ్బరింపక మానదు. కనుక మాసము ప్రవేశించుటకు వారము పది దినములు ముందుగనే పప్పులను, ఆకుకూరలను కొంచెము కొంచెముగ పెంచుట మంచిది. మొదట పొట్టుతీసిన పెసరపప్పు, కందిపప్పు, తరువాత పెసలు, బొబ్బర్లు, పిమ్మట శనగలు. గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్తనీటిలో మెత్తగ ఉడికింపవలెను. వాయువు పుట్టించు చక్కెరలలో కొంతభాగము ఆ నీటితో పోవును. మొలకెత్తించినను, ఇడ్లీపిండివలె పులియబెట్టినను మరికొంత తగ్గును. వాము, జీలకర్ర, ఇంగువ కొందరికి హాయి నిచ్చును గాని, నానబెట్టుటకు అవి బదులు కావు.

దీనికి విరుద్ధముగ కొందరికి మలబద్ధకము కలుగును. మాంసము మానిరి గాని దాని స్థానమున కూరగాయలు చేరలేదు. తెల్లన్నము, చారు, బంగాళాదుంప వేపుడు, సాయంకాలము బజ్జీలు. ఇందు పీచు తక్కువ, నూనె ఎక్కువ. వీరు ఆకుకూరలు, జొన్నరొట్టె, రాగిసంకటి తినవలెను, నీరు హెచ్చుగ త్రాగవలెను. పీచు పెరిగి నీరు పెరగనిచో మలము మరింత గట్టిపడును.

మరికొందరు మాంసమునకు బదులుగ పాలు ఎక్కువగ త్రాగుదురు. పాలలోని చక్కెరను విడగొట్టు రసము పెద్దవారైన పిమ్మట పలువురిలో తగ్గిపోవును. అట్టివారికి పాలు త్రాగిన గంట రెండు గంటలలో కడుపునొప్పి, వాయువు, నీళ్ళ విరేచనము కలుగును. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గియుండును గనుక పెరుగు, మజ్జిగ వారికి సరిపడును.

కార్తీక సోమవారములలో నక్షత్రములు కనబడువరకు ఉపవసించి, ఆపై ఒక్కసారిగ కడుపు నిండ భుజించుట వలనను ఆయాసము కలుగును. కొంచెముగ ప్రారంభించి నెమ్మదిగ తినవలెను. మధుమేహమునకు మందులు వాడువారు, గర్భిణులు వైద్యుని అడుగక ఉపవసింపరాదు. పోలిపాడ్యమి గడచిన వెంటనే మాంసపు విందులు జరుగును. ఆ దినమున కలుగు బాధకు మసాలా, నూనె, మితిమీరిన తిండి కారణములు. మొదటి దినము కొద్దిగ తినిన చాలును.

మాసముతో ఆపక శాశ్వతముగ శాకాహారులగువారు మరి రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. బి-12 విటమిను మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు మొదలగు జంతుసంబంధమైన ఆహారములందే సహజముగ లభించును. ఒక్క మాసమునకు సాధారణముగ కొరత రాదు గాని, ఏండ్లతరబడి మాంసము లేనివారు పాలు, పెరుగు తప్పక తీసికొనవలెను. చాలనిచో వైద్యుడు మాత్రలిచ్చును. ఇక ఇనుము. మాంసములోని ఇనుమును శరీరము సులభముగ గ్రహించును. ఆకుకూరలలోని దానిని అంత సులభముగ గ్రహింపజాలదు. భోజనముతో నిమ్మ, ఉసిరి తినుట దానికి తోడ్పడును. భోజనమైన వెంటనే టీ త్రాగుట అడ్డుపడును. వనభోజనమునకు ఉసిరిచెట్టు నీడను కూర్చుండువారు ఆ కాయను విస్తరిలో కూడ వేసికొనవలెనని నా మనవి.

పంచాయతీ సభ్యులు చేయవలసినది

మీ వార్డులో ఎవరికైనను కడుపు చెడినదని తెలిసినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఆహారము మారనివారికి కూడ ఈ జబ్బు వచ్చినదా? ఒకే వీధిలో పలు ఇండ్లలో ఒకే సమయమున వచ్చినదా? నీళ్ళవంటి విరేచనములు, వాంతులు, జ్వరము, మలములో రక్తము గలవా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి "ఔను" అని సమాధానము వచ్చినను దానిని ఆహారపు మార్పుగ భావింపక ఆరోగ్యకేంద్రమునకు కబురంపుడు.

వైద్యసహాయము అందులోపల ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసియున్నంత శుభ్రమైన నీటిలో, పొట్లమంతయు ఒకేసారి కలిపి త్రాగింపవలెను. కలిపిన నీటిని 24 గంటలకు మించి వాడరాదు. పిల్లలకు దానితోపాటు జింకు మాత్రలు 14 దినములు ఇయ్యవలెను. ఇవి ఆశా కార్యకర్తల వద్ద లభించును. చంటిపిల్లలకు తల్లిపాలు ఆపరాదు. మూత్రము తగ్గినను, కన్నులు లోతునకు పోయినను, మనిషి మగతగ నున్నను క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. మూడు వారములు గడచినను మలవిసర్జనపు మార్పు తగ్గనివారు, బరువు తగ్గువారు, ముఖ్యముగ వయస్సు మీరినవారు, పరీక్ష చేయించుకొనవలెను.

కార్తీకమునకు ముందుగ పంచాయతీ తరఫున నీటి ట్యాంకును కడిగించి, గొట్టములు మురుగుకాలువలను దాటు ప్రతిచోటును సభ్యులే నడచి చూడవలెను. కుళాయి చివరి నీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలియుండవలెను. క్లోరోస్కోపుతో దీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. అన్నదానములు, వనభోజనములు జరుగుచోట త్రాగునీరు, చేతులు కడుగుకొనుటకు సబ్బు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెను.

ఆహారము మారినందున ఉబ్బిన కడుపు ఓపిక పట్టిన దానంతటదియే సర్దుకొనును. నీరు చెడినందున చెడిన కడుపు ఓపిక పట్టిన ప్రాణము తీయును. ఈ రెండింటి భేదము మీ గ్రామములో ప్రతి యింటికిని తెలియజేయుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.