కుండకు కులముంది



మేం బొమ్మల చదువులో పీజీ చేస్తున్న మాల మాదిగ పిల్లలం. క్లాసులో కుండ పెట్టి వెలుగూ నీడా గీయమన్నారు, గీశాం. ఆ కుండకు కులముందని ఎవరూ చెప్పలే.

1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్టుల గ్రూపు కట్టినవాళ్లలో కె.హెచ్. ఆరా ఒకడు. 1914లో మన బొల్లారంలో పుట్టాడు. ఇళ్లల్లో పనిచేస్తూ చిత్రకారుడయ్యాడు. పాఠంలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యమే.

తర్వాత నాగపూర్ దళిత చిత్రకారుడు సవి సావర్కర్ బొమ్మలు చూశాం. మెడలో ముంత! అంటరానోడి ఉమ్మి నేలమీద పడొద్దని పీష్వాల రాజ్యంలో కట్టించిన ముంత. మాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

ఆధునిక కళ మీకు అర్థం కాదన్నారు. అర్థమైంది గనకే అడుగుతున్నాం: ఆ ముంతను సిలబస్‌లో పెట్టండి. పెట్టేదాకా మా వాడగోడలే మాకు గ్యాలరీలు.