పిల్లలకు ఆక్సీకరణం, క్షయకరణం – చేలో చూపదగిన పాఠం
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల మాట, తెగుళ్ల మాట వినటానికి వచ్చిన మీకు నేడు బడిపిల్లల పాఠం గురించి చెప్పబోతున్నాను. తొందరపడి లేచి వెళ్లకండి. చివరకు యూరియా దగ్గరకే వస్తాను.

పదో తరగతి చదివే పిల్లలు మీలో చాలామంది యిండ్లలో వున్నారు. రసాయనశాస్త్రంలో వాళ్లను తికమక పెట్టే మాటలు రెండు: ఆక్సీకరణం, క్షయకరణం. వీటిని వల్లించి పరీక్షలో వ్రాస్తారు, వేసవి సెలవులలో మరచిపోతారు. నిజానికి యీ రెండూ మీ చేతులమీదుగా జరిగేవే. బడిలో నల్లబల్లమీద వ్రాసి చెప్పటంకంటె మీరు చేలో చూపటమే తేలిక.

నిమ్మ, ద్రాక్ష, తమలపాకు తోటలున్నవారికి బోర్డో మిశ్రమం క్రొత్తది కాదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ద్రాక్షకు వచ్చే బూజు తెగులుకు యిది పనిచేస్తుందని మిల్లార్డే అనే శాస్త్రజ్ఞుడు 1885లో ప్రకటించాడు. ఒక శాతం మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు కావాలి. ఇనుప పాత్రలో కలపవద్దని మేము ప్రతిసారీ చెబుతాము; ఎందుకో మాత్రం చెప్పము. నేను చదువుకొనే రోజులలో ఆ మాట లక్ష్యపెట్టక ఇనుప బాల్చీలో మైలుతుత్తం కరగించాను. కాసేపటికి బాల్చీ లోపలివైపు ఎర్రబారింది, నీటి నీలిరంగు వెలిసిపోయింది. మందూ చెడింది, బాల్చీ చెడింది. కాని ఆనాడు అర్థమైన పాఠం యింతవరకు మరువలేదు.

మిశ్రమం కుదిరిందో లేదో చూడటానికి శుభ్రంగా తోమిన చాకును అందులో ఒక నిమిషం ముంచుతారు గదా? చాకుమీద ఎర్రని పూత పడితే సున్నపు నీరు యింకా పోయాలి. ఈసారి ఆ పని మీ అమ్మాయినో అబ్బాయినో ప్రక్కన నిలబెట్టుకొని చేయండి. మైలుతుత్తం విషం, నోటికి తగలనీయకండి. ఆ ఎరుపు ఏమిటని అడగండి. అది రాగి. నీటిలో కరగివున్న రాగికి ఎలక్ట్రాన్లు రెండు తక్కువ. చాకులోని ఇనుము తన ఎలక్ట్రాన్లు రెండు దానికి యిచ్చి, తాను నీటిలో కరగిపోయింది. రాగి వాటిని పుచ్చుకొని లోహంగా అంటుకొంది. సున్నం చాలినంత వుంటే కరగిన రాగి మిగలదు కాబట్టి పూత పడదు.

ఎలక్ట్రాన్లు యివ్వటం ఆక్సీకరణం, పుచ్చుకోవటం క్షయకరణం. అప్పు యిచ్చేవాడు లేనిదే పుచ్చుకొనేవాడు వుండడు. అలాగే ఒకటి జరిగిన చోట రెండవది జరిగి తీరాలి.

ఇక్కడ పిల్లలు రెండు చోట్ల తడబడతారు. ఆక్సీకరణం అనగానే ఆక్సిజన్, అంటే మన పాత పుస్తకాలలోని ఆమ్లజని, వుండాలనుకొంటారు. చాకు విషయంలో దానితో పని పడలేదు. మొదట ఆమ్లజనితో కలియటాన్నే ఆ పేరుతో పిలిచారు, అంతే. రెండవ తడబాటు మన తెలుగు మాటతో వచ్చింది. క్షయమంటే తరుగుదల గదా, పుచ్చుకొన్నదానికి తరుగుదల ఏమిటి? పిల్లవాడు యీ ప్రశ్న వేస్తే కసరకండి, మంచి ప్రశ్న. ముడి ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహం తీసినప్పుడు బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలను చూసి పెట్టిన పేరు అది. పేరు వచ్చిన నాటికి ఎలక్ట్రాన్ల సంగతి ఎవరికీ తెలియదు.

ఇక వరిమడికి వద్దాము. నీరు నిలిచిన మడిలో పైని కొద్ది మిల్లీమీటర్ల మట్టి గోధుమరంగులో వుంటుంది. దాని క్రింది బురద నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు గడ్డీగాదం తింటూ ఎలక్ట్రాన్లు విడుస్తాయి. వాటిని పుచ్చుకోవటానికి మొదట ఆమ్లజని, అది అయిపోతే నైట్రేటు, ఆపైన మాంగనీసు, ఇనుము, ఆ తరువాత సల్ఫేటు ముందుకు వస్తాయి. తుప్పురంగు ఇనుము ఎలక్ట్రాను పుచ్చుకొని రంగు మారుతుంది. సల్ఫేటు వంతు వచ్చేసరికి కుళ్లిన గ్రుడ్ల వాసన కొడుతుంది. ఆ వాసనతోబాటు వేళ్లు నల్లబడుతుంటే నీరు తీసి మడిని ఆరనివ్వాలి. ఆరోగ్యంగా వున్న వరి మొక్క ఆకులనుండి వేళ్లకు గాలి పంపుకొంటుంది. అందుకే దాని వేళ్లచుట్టూ తుప్పుపూత కనబడుతుంది. ఒక బురదముద్దను తీసి గట్టుమీద పెట్టి, ఆరే కొద్దీ రంగు ఎలా మారుతుందో పిల్లలను చూడమనండి.

రంగుల ఆట వినోదంగా వుంటుంది గాని, డబ్బు పోయేది కూడా అక్కడే. నిలువ నీటిలో చల్లిన యూరియా అమ్మోనియాగా మారి, కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. మిగిలినదానిలో పైపొరలో నిలిచిన నత్రజని ఒక్కొక్క పరమాణువు ఎనిమిది ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని నైట్రేటు అవుతుంది. ఇది ఆక్సీకరణం. నైట్రేటును మట్టి పట్టివుంచలేదు. అది క్రింది పొరకు దిగి, అక్కడ ఐదు ఎలక్ట్రాన్లు పుచ్చుకొని నత్రజని వాయువై బుడగలుగా లేచిపోతుంది. ఇది క్షయకరణం. జపానులో షియోయిరి మొదలైన శాస్త్రజ్ఞులు 1930, 1940 దశకాలలో యీ రెండు పొరల సంగతి పరిశీలించి, అమ్మోనియా ఎరువును క్రింది పొరలో చేర్చితే నిలుస్తుందని చూపారు. అక్కడ ఆమ్లజని లేదు. నైట్రేటుగా మారటం మొదలే కాదు.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. అందులో ఎంత పైరుకు చేరుతుందనేది మీరు చల్లే తీరుమీద చాలావరకు ఆధారపడి వుంటుంది. దమ్ములో వేసే భాగాన్ని బురదలో బాగా కలియదున్నండి. పైపాటుగా వేసేటప్పుడు నీరు తీసివేసి, బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టండి. ఎరువు వేశాక మడిని పలుమార్లు ఎండగట్టి తడపటం మాత్రం కూడదు. ఎండినప్పుడు నైట్రేటు తయారవుతుంది, తడిపినప్పుడు ఎగిరిపోతుంది.

ఇంటిదగ్గర చూపాలంటే గాజుసీసాలో సగం మడిమట్టి, చిటికెడు గడ్డిముక్కలు వేసి, నీరు పోసి కదపకుండా గూట్లో పెట్టండి. కొన్నాళ్లకు రెండు పొరలూ విడివిడిగా కనిపిస్తాయి. ఏ పొర యిచ్చినది, ఏ పొర పుచ్చుకొన్నది పిల్లవాణ్ణే చెప్పమనండి. చెప్పగలిగితే మరుసటి పైపాటుకు నీరు ఎప్పుడు తీయాలో కూడా వాణ్ణే అడగండి.