భుజం మీది నక్షత్రం
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ ఉదయం నా పొరపాటు ఒకటి మీతో చెప్పుకొని మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం, సైన్యంలో పనిచేసి తణుకు వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. గోడ మీద ఆయన ఫోటో ఉంది. యూనిఫారం, భుజం మీద రెండు నక్షత్రాలు. తరువాతి ఆదివారం సంఘంలో ఆయనను "లెఫ్టినెంట్ గారు" అని పరిచయం చేశాను. ఆరాధన అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, నేను సుబేదారునండి. నక్షత్రాలు రెండే గానీ, వాటి కింద అడ్డంగా పట్టీ ఉంది చూశారా? అది ఉంటే లెక్క వేరండి. సుబేదారు అనిపించుకోడానికి నాకు ఇరవై ఏళ్ళు పైన పట్టింది. ఆ పేరు చాలండి నాకు" అన్నారు.

నేను ఆయనను పెంచి చెప్పాననుకొన్నాను. నిజానికి ఆయన సంపాదించుకొన్నదాన్ని తీసేశాను. ఆ రోజు ఆయన దగ్గర కూర్చొని ఈ గుర్తుల సంగతి నేర్చుకొన్నాను.

మన సైన్యంలో చేతి మీద కోణపు పట్టీ ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. ఆపైన భుజం మీద పట్టీతో పాటు ఒక నక్షత్రముంటే నాయిబ్ సుబేదారు, రెండుంటే సుబేదారు, అశోక సింహాలుంటే సుబేదారు మేజరు. పట్టీ లేకుండా రెండు నక్షత్రాలు లెఫ్టినెంటువి, మూడు కెప్టెనువి, సింహాల గుర్తు మేజరుది. సింహాల కింద ఒక నక్షత్రం చేరితే లెఫ్టినెంట్ కల్నల్, రెండు చేరితే కల్నల్, మూడు చేరితే బ్రిగేడియరు. ఇక జనరల్స్‌కు కత్తి, దండం అడ్డంగా దాటిన గుర్తు వస్తుంది.

ఇప్పుడు సముద్రం దాటి చూడండి. మన నాయిబ్ సుబేదారుకు ఒక నక్షత్రం. అమెరికా సైన్యంలో అదే ఒక నక్షత్రం బ్రిగేడియర్ జనరల్‌కు! అక్కడ ఇంకొక వింత ఉంది. బంగారు రంగు కడ్డీ పెట్టుకొన్నవాడు సెకండ్ లెఫ్టినెంటు, వెండి రంగు కడ్డీ పెట్టుకొన్నవాడు అతని పైన ఫస్ట్ లెఫ్టినెంటు. మేజరుకు బంగారు ఆకు, అతని పైవానికి వెండి ఆకు. మన ఇళ్ళలో ఏ అమ్మయినా బంగారం కంటే వెండి ఎక్కువ అంటుందా? మరి గుర్తుకు విలువ ఎక్కడిది? అది ఏ లోహమన్నది కాదు, ఎన్నున్నాయన్నది కాదు. ఎవరు పెట్టారు, ఏ బాధ్యత అప్పగించి పెట్టారు అన్నదే దాని విలువ.

అయితే గుర్తులే వద్దనుకొంటే? చైనా 1965లో సైన్యంలో హోదాలు తీసేసింది. 1988లో మళ్ళీ తెచ్చుకొంది. పదిమంది ప్రాణాలకు ఎవరు జవాబుదారీయో కంటికి కనబడాలి గదా.

మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే జిల్లాలో తెలియనివారు లేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి బిడ్డలు వెళ్ళారు. 1914లో మొదటి యుద్ధం వచ్చేనాటికి, కాలిబలంలో చేరిన భారతీయ సిపాయి ఎక్కగలిగిన ఆఖరి మెట్టు సుబేదారు మేజరు. జుట్టు నెరిసిన సుబేదారు మేజరుకు కూడా, నిన్నగాక మొన్న ఓడ దిగిన కుర్ర ఇంగ్లీషు లెఫ్టినెంటు పై అధికారే. 1932లో డెహ్రాడూన్‌లో మిలటరీ అకాడమీ తెరిచాక మనవాళ్ళు ఈ గడ్డ మీదనే అధికారులుగా తయారయ్యారు. 1950 జనవరి 26న భుజం మీద కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. గుర్తు మారింది. ఆ గుర్తులు రాకముందే చనిపోయిన సిపాయిల త్యాగం తక్కువైపోతుందా?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా సంఘంలో ఒక తల్లి నన్ను ఒక మాట అడిగింది. వాళ్ళబ్బాయి అగ్నివీరుడు. 2022లో వచ్చిన ఆ పద్ధతిలో నాలుగేళ్ళు సేవ. అగ్నివీరులకు వేరే హోదా, వేరే గుర్తు. నాలుగేళ్ళయ్యాక నూటికి ఇరవై అయిదుగురి వరకు ఉంచుకొంటారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకొని ఇంటికి రావాలి. పెన్షను లేదు, మాజీ సైనికుల హోదా లేదు. "అయ్యగారూ, ఆ గుర్తు తీసేసి వచ్చేస్తే మావాణ్ణి ఊళ్ళో ఏమని పిలుస్తారండి?" అని అడిగింది ఆ తల్లి.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఇంటికొచ్చాక కపెర్నహూము శతాధిపతి గుర్తొచ్చాడు. పేరులో నూరున్నా, రోమా సైన్యంలో అతని కింద ఉండేది సుమారు 80 మంది. శిరస్త్రాణం మీద అడ్డంగా కుచ్చు, చేతిలో ద్రాక్షకర్ర అతని గుర్తులు. అంతటివాడు ఒక దాసుని కోసం, ఏ గుర్తూ లేని ఒక దాసుని కోసం, ప్రభువును బతిమాలుకొన్నాడు. తన సంగతి చెప్పుకొనేటప్పుడు కూడా, నేనొకరి అధికారానికి లోబడినవాణ్ణి అని ముందు చెప్పి, ఆ తరువాతనే తన కిందివారి మాట ఎత్తాడు. సువార్తలో అతని పేరు లేదు. ఎన్ని యుద్ధాలు గెలిచాడో లేదు. కిందివాని కోసం పడిన ఆరాటం మాత్రం మిగిలింది.

ఆ తల్లికి తరువాతి ఆదివారం ఇలా చెప్పాను. "అమ్మా, సర్కారు ఇచ్చిన గుర్తు సర్కారు తీసుకొంటుంది. ఆ నాలుగేళ్ళు పక్కవాని కోసం మీవాడు మేల్కొన్న రాత్రులను ఎవరూ తీసుకోలేరు. వాడు వచ్చిన రోజున సంఘమంతా లేచి నిలబడుతుంది. ఆ పైన వాడికి పని చూపించడం మా బాధ్యత."

ప్రియ సోదరీ సోదరులారా, మీ వీధిలో కూడా అలాంటి బిడ్డ ఉండవచ్చు. వచ్చినవాణ్ణి "ఏరా, తీసేశారటగా" అని పలకరించకండి. ఎక్కడ పనిచేశావు బాబూ, ఎవరికి కాపలా కాశావు అని అడగండి. ఓపికగా వినండి. మీ కొట్టులోనో, మిల్లులోనో, బడిలోనో చోటుంటే పిలవండి.

మా సుబేదారు గారిని ఇప్పుడు నేను సుబేదారు గారనే పిలుస్తాను. అలా పిలిచినప్పుడు ఆయన వెన్ను ఇంకా నిటారుగా నిలుస్తుంది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.