తుడుం మోగింది, మెసేజ్ కూడా పోయింది



ఫోన్ పక్కన పెట్టి వినండి అని నేను అనను. మీలో సగం మంది ఈ మాటలు ఫోన్లోనే చదువుతున్నారని తెలుసు.

మా తాత చిన్నప్పుడు గూడెంలో తుడుం మోగితే చేన్లో ఉన్నోళ్ళు, అడవికి పోయినోళ్ళు అందరూ వచ్చేవారట. దూరం కబురైతే మనిషే నడిచి పోవాలి. 1922లో మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు పోలీసులకు పంపిన హెచ్చరికలకు మిరపకాయ టపా అని పేరు. చదువు రానోడికి కూడా ఆ ఘాటు అర్థమైతది కదా!

నేను హాస్టల్లో చదివేటప్పుడు అమ్మ వార్డెన్ సారు ఫోన్‌కు చేసేది. సారు పక్కనే నిలబడితే గోండిలో మాట్లాడాలంటే నాకు సిగ్గు. ఊ, ఆ అని పెట్టేసేవాడిని. అటుపక్క అమ్మ ఏమనుకునేదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆమె మైకు గుర్తు మీద వేలు పెట్టి మూడు నిమిషాలు గోండిలోనే చెప్తది. ఇప్పపువ్వు ఎంత రాలింది, మేక ఈనిందా, ఎవరింట్లో సావైంది, అన్నీ. ఆమెకు అక్షరం రాదు. ఆ అవసరమే లేకుండా పోయింది.

ఇంటర్నెట్ లేని చోట కూడా ఈ దారి దొరికింది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వస్తది. గోండిలో మన సమస్య చెప్పొచ్చు, వేరేవాళ్ళది వినొచ్చు. ఇక రాత సంగతి అంటారా, మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మరి మన గ్రూపులో ఆ లిపిలో టైప్ చేసేవాళ్ళు ఎంతమంది? నేనూ తెలుగులోనే కొడుతున్నా. ఈ తప్పు మనదే.

కానీ టవర్ లేని గూడెం సంగతి వేరు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరు యాప్‌లోనే వేయాలన్నారు, రోజుకు రెండు ఫొటోలు. మట్టి తవ్వేది మనోళ్ళు, ఆ ఫొటో పోవాలంటే మేట్ గుట్ట ఎక్కాలి.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. పోడు భూముల గ్రామసభ ఉందని ఒకసారి రాత్రి వాట్సాప్‌లో పెట్టారు. తెల్లారి సభ. మా గూడేనికి సిగ్నల్ లేదు. మేము తెలుసుకునేసరికి సభ అయిపోయింది. అడిగితే, "మెసేజ్ పెట్టినం కదా" అన్నారు. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినోళ్ళలో మూడో వంతు మహిళలు ఉండాలి. గ్రూపులో ఉన్నది పాతిక మంది మగపిల్లలు! ఏ అమ్మకు చేరింది ఆ కబురు? మీ ఊరి గ్రూపు తెరిచి ఒక్కసారి పేర్లు లెక్కపెట్టండి.

కోరం లేదని రాసిచ్చి మళ్ళీ సభ పెట్టించినం. ఈసారి మూడు రోజుల ముందే గోండిలో వాయిస్ మెసేజ్ పంపినం, సిగ్నల్ లేని గూడేలకు పిల్లలు నడిచి పోయిన్రు. తుడుం కొట్టే పెద్దాయన మాత్రం నవ్విండు, "ఫోన్లున్నయి కదా, నన్నెందుకు పిలిచిన్రు" అని. అయినా పొద్దున్నే కొట్టిండు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. రిజిస్టర్లో తొమ్మిదో వేలిముద్ర ఆమెదే.