గేటు బయట తినమంటే తినాలా?
(ఒక సభలో చేసిన ప్రసంగం)



సాహిత్య సభలకు పోయేవాళ్ళం ముందు అడిగేది తిండెక్కడ, నీళ్ళెక్కడ అనే. ఇది చిన్న ప్రశ్న కాదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టింది ఒక్క దాహానికేనా?

2024 డిసెంబరు 20 నుంచి 22 దాకా కర్ణాటకలోని మండ్యలో 87వ అఖిల భారత కన్నడ సాహిత్య సమ్మేళనం జరిగింది. అక్కడ మద్యం, పొగాకు, మాంసాహారం నిషేధమని ముందే నియమం రాశారు. మన కూరను ఏ వరసలో కూర్చోబెట్టారో చూడండి!

మండ్య అంటే చెరకు పండే నేల. రాగిముద్ద, మాంసం పులుసు తినే జనం. గొర్రెల్లో ఒక జాతికే మండ్య అని పేరు. అందుకే అక్కడి ప్రజాసంఘాలు ఊరుకోలేదు. 'బాడూట' కావాలన్నాయి, అంటే మాంసం భోజనం. ఆఖరి రోజు తామే తెచ్చి పంచాయి.

"బయట మిలటరీ హోటలుంది గదా, పోయి తినొచ్చు" అంటారు పెద్దమనుషులు. తినొచ్చు, రుచిగానే ఉంటది. కానీ బయట అనే మాట మనకు కొత్తదా? ఊరి బయట ఉండమన్నారు. గుడి బయట నిలబడమన్నారు. టీకొట్టు బయట వేరే గ్లాసు పెట్టారు. ఇప్పుడు సాహిత్యం బయట తినమంటారా?

పప్పన్నం తినేవాళ్ళ విస్తరి మనం లాగటం లేదు. పక్కన మన విస్తరీ వెయ్యమంటున్నాం. రేపు తెలుగు సభలకు పిలుపొస్తే, ఏం వండుతున్నారని ముందే అడగండి. సిగ్గుపడకుండా అడగండి.