గొట్టం పొడవులో దాగిన గుర్రపుశక్తి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఎవరి వృత్తి గురించి వాళ్లు పది నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శిగారి ఆజ్ఞ. నాది ఇంజన్ల పని కాబట్టి, రోటరీ విమాన ఇంజనుకు గాలి గొట్టం, పొగ గొట్టం ఎలా కొలిచి పెడతారో చెబుతాను. భయపడకండి, ఇది మన తరగతి గదిలో చెప్పిన ధ్వని పాఠమే.

మొదట ఒక స్పష్టత. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లో సిలిండర్లే గిరగిరా తిరిగే ఇంజన్లు ఉండేవి. వాటినీ రోటరీ అనేవారు. నేను చెప్పేది జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ పేరుమీద ఉన్న ఇంజను. ఇందులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు మూలల రోటర్ ఒకటి గదిలో తిరుగుతూ తన అంచులతోనే రంధ్రాలను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కదిలే భాగాలు తక్కువ, వణుకు తక్కువ. అందుకే జర్మనీలో ష్లైషర్ సంస్థవారి ఏఎస్‌హెచ్ 26ఇ మోటార్ గ్లైడర్‌లో ఇలాంటి ఇంజను పెట్టారు. విమానాలు సొంతంగా కట్టుకునే వారిలో కొందరు మాజ్దా కారులోని 13బి అనే రెండు రోటర్ల ఇంజనును ఎంచుకుంటారు.

ఊయల ఊపే వారికి ఒక కిటుకు తెలుసు. బలం ఎంత పెట్టామన్నది కాదు, ఏ క్షణంలో తోశామన్నదే ముఖ్యం. గాలి విషయమూ అంతే. ఒక రోటర్ రంధ్రం తెరుచుకోగానే, గదిలో మిగిలిన పొగ ఒత్తిడి గాలి గొట్టంలోకి ఒక్క తన్ను తన్నుతుంది. ఆ తన్ను ధ్వని వేగంతో ప్రయాణిస్తుంది. అది రెండో రోటర్ రంధ్రం మూసుకునే ముందు అక్కడికి చేరితే, అదనంగా కొంత గాలిని లోపలికి నెట్టి వెళుతుంది. టర్బో లేదు, పంపు లేదు. ఖర్చల్లా సరైన పొడవు గొట్టమే.

లెక్క చూద్దాం. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోంది. అంటే సెకనుకు 100 చుట్లు, మిల్లీ సెకనుకు 36 డిగ్రీలు. రంధ్రం 280 డిగ్రీల సేపు తెరిచి ఉంటుందనుకుందాం. రెండు రోటర్ల మధ్య తేడా 180 డిగ్రీలు. కాబట్టి మొదటిది తెరుచుకున్న 100 డిగ్రీలకు రెండోది మూసుకుంటుంది. తన్ను 90 డిగ్రీల దగ్గర చేరాలంటే దానికున్న వ్యవధి 2.5 మిల్లీ సెకన్లు. 30 డిగ్రీల సెల్సియస్ గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. అంటే రంధ్రం నుంచి రంధ్రానికి దారి సుమారు 87 సెంటీమీటర్లు.

అదే గొట్టంతో 7500 చుట్లు తిప్పితే, తన్ను చేరేసరికి తలుపు మూసేసి ఉంటుంది. 4500 చుట్లకు తగ్గితే మరీ ముందే వస్తుంది. కారుకు ఇదే చిక్కు, ఎందుకంటే దాని వేగం క్షణక్షణం మారుతుంది. 1991లో ల్యూమాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బి కారులో, ఇంజను వేగాన్ని బట్టి సాగుతూ ముడుచుకునే గాలి గొట్టాలు పెట్టింది ఇందుకే. విమానం ఎక్కువసేపు దాదాపు ఒకే వేగంలో నడుస్తుంది కాబట్టి దానికి ఒకే కొలత చాలు.

అయితే ఎండలో సన్నాయి శ్రుతి పెరిగినట్టు, చలిలో తగ్గినట్టు, ఇక్కడా ఉష్ణోగ్రత ప్రభావం ఉంది. ప్రామాణిక లెక్క ప్రకారం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలుండే గాలి, 3000 మీటర్ల ఎత్తున సున్నాకు దిగువన 4.5 డిగ్రీలకు చేరుతుంది. ధ్వని వేగం దాదాపు 3 శాతం తగ్గుతుంది. గొట్టం కుదిరే ఇంజను వేగం కూడా అంతే తగ్గుతుంది. గొట్టం కొలిచేటప్పుడే ఏ ఎత్తున ఎగరబోతున్నామో నిర్ణయించుకోవాలి.

పొగ గొట్టం సంగతి వేరు. 800 డిగ్రీల వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 640 మీటర్లు. అదే వ్యవధికి దాదాపు రెట్టింపు పొడవు కావాలి. విమానం ముక్కులో అంత చోటు ఉండదు. పైగా రోటరీ పొగ పిస్టన్ ఇంజను పొగకన్నా వేడి, చప్పుడూ ఎక్కువ. మామూలు ఇనుప గొట్టం పొలుసులు రేగి పగులుతుంది. అందుకే ఇన్‌కొనెల్ వంటి ఖరీదైన నికెల్ మిశ్రమలోహం వాడతారు. కారులో పొగ గొట్టం పగిలితే పక్కకు ఆపుకుంటాం. గాలిలో పగిలితే ఆ సెగకు తీగలు, ఇంధనపు గొట్టాలు కాలవచ్చు, విషవాయువు పైలట్ దగ్గరికి చేరవచ్చు. కాబట్టి లెక్క ఎంత అందంగా కుదిరినా, వేలాడే పొడవాటి గొట్టంకన్నా నాలుగు గుర్రాల శక్తి వదులుకుని పొట్టిగా, గట్టిగా ఉన్న గొట్టమే మేలని నా అభిప్రాయం. శక్తి తగ్గితే విమానం కొంచెం నెమ్మదిగా పైకెక్కుతుంది, అంతే. గొట్టం పగిలితే మనిషే ఉండకపోవచ్చు.

మరొక మాట. కాగితం మీది లెక్క ఆరంభం మాత్రమే. గొట్టం నోటి దగ్గర అల కొంచెం బయటికి వెళ్లి తిరుగుతుంది. ప్రయోగశాలలో శ్రుతిదండం మోగించి, నీటి గొట్టంలో అనునాదం విన్నప్పుడు కలుపుకునే ఎండ్ కరెక్షన్ ఇదే. అందుకే గొట్టాన్ని జరుపుకునేలా చేసి, ఒక్కొక్క సెంటీమీటరు మారుస్తూ, ప్రతిసారీ ఇంజను వేగం, ఒత్తిడి రాసుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాయాలి. ఈ రెండు అలవాట్లూ ఇంజనీరింగ్ కాలేజీకంటే ముందు బడిలోనే రావాలి.

అందుకే సంఘానికి నా మనవి. స్వర్ణోత్సవ నిధిలో భవనానికి, ముఖద్వారానికి పోగా కొంత ప్రయోగశాలకు కేటాయించండి. శ్రుతిదండం, గాజు గొట్టం, నీళ్లు, స్కేలు పెద్ద ఖర్చు కాదు. అవి బీరువాలో తాళం వెనక కాకుండా పిల్లల చేతుల్లో ఉండాలి. అనునాదాన్ని చెవితో విన్న పిల్లవాడికి ఆ సూత్రం మార్కులు వచ్చాక కూడా గుర్తుంటుంది.