సాదృశ్యమా, చౌర్యమా?

లెడ్ జెప్పెలిన్ బృందము 1971లో వెలువరించిన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఎత్తుగడ, స్పిరిట్ బృందమువారి 1968 నాటి ‘టారస్’ను పోలియున్నదని రాక్ సంగీతాభిమానులు చిరకాలముగా వాదించుచున్నారు. రెండింటను గిటారుపై ఒక్కొక్క స్వరస్థానముగా క్రిందికి దిగు వరుస వినవచ్చును. 1968 డిసెంబరులో డెన్వరునందు ఉభయ బృందములును ఒకే వేదిక నెక్కినవి. కనుక శంక నిర్హేతుకము కాదు.

‘టారస్’ కర్త రాండీ కాలిఫోర్నియా 1997లో గతించెను. 2014లో ఆయన పక్షమున వ్యాజ్యము దాఖలయ్యెను. వినియుండు అవకాశము కలదు గాని చాలినంత సాదృశ్యము లేదని 2016లో జ్యూరీ నిర్ణయింపగా, 2020లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను.

అట్టి అవరోహణము శతాబ్దములనుండి పాశ్చాత్య సంగీతమున ఉమ్మడి సొత్తు. ఒకే రాగమున రెండు కీర్తనలున్నచో ఒకదానిని చౌర్యమందుమా? శ్రోతలకు మా మనవి యొకటి: అభిమానమును క్షణకాలము ప్రక్కన నుంచి రెండింటిని వెంటవెంట వినుడు. ఎత్తుగడ ముగిసిన పిమ్మట ఏది యెటు నడచినదో గమనింపుడు. తగవు అక్కడనే తీరును.